షియా డ్రమ్ముకు రెండో పిడి

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా పేరూ ఊరూ కంటే ముందు ఒక ప్రశ్న అడిగేవారు. మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద పనిచేస్తున్నారు అని. నేను సిమెంటు నేల మీదండీ అనేదాన్ని. అడిగినావిడ అదేదో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కాబోలనుకుని, దానికి మంచి డిమాండ్ ఉందటగా అనేది. ఉందండీ, రోజూ తుడవాలి అనేదాన్ని. ఇంటికెళ్ళాక మా ఆయన చేత చీవాట్లు తినేదాన్ని.

ఐటీ మంచి ఊపు మీదున్న కాలం అది. రెండువేల సంవత్సరం పుట్టగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ బుర్ర తిరిగి పడిపోతాయని, వాటిని కాపాడటానికి మనవాళ్ళు విమానాలెక్కి వస్తున్న కాలం. సివిల్ ఇంజినీర్లు, కెమిస్ట్రీ లెక్చరర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆఖరికి హోమియో డాక్టరు ఒకాయన కూడా, చూస్తుండగానే ప్రోగ్రామర్లయిపోయారు. మా ఆయన ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవారు. నేనొక్కదాన్నే జురాంగ్ ఈస్ట్ అవతల ఒక చిన్న షెడ్డులో, గింజలు వేపే యంత్రాల మధ్య, చేతులకు గ్రీజుతో తిరిగేదాన్ని. మెకానికల్ చదివాను. చదివిన చదువు మీద నాకు పిచ్చి ప్రేమ. ఇనుము వేడెక్కితే వచ్చే వాసన కోసం దీవికి ఆ చివర పాసిర్ రిస్‌లో ఉన్న మా ఫ్లాట్ నుంచి ఈ చివరకు రోజూ ట్రైనులో నిలబడి వచ్చేదాన్ని.

షెడ్డు యజమాని అరవై దాటిన చైనీస్ పెద్దాయన. అందరూ అంకుల్ అనేవారు, నేనూ అంతే. వాళ్ళ నాన్న కాలం నుంచి కాఫీ కొట్లవాళ్ళకు గింజలు వేపే డ్రమ్ములు చేసి ఇచ్చేవారు. తరవాత వేరుశనగ వేపేవీ మొదలుపెట్టారు. డ్రాయింగులు నావి. వెల్డింగ్ చేసేది శ్రీకాకుళం జిల్లా నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన ఒకతను. అంతకుముందు షిప్‌యార్డులో చేశాడు. నాకంటే కాస్త చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. షెడ్డంటే మేం ముగ్గురమే.

అంకుల్‌కు కూడా ఐటీ గాలి సోకింది. వాళ్ళ చుట్టాలెవరో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. యంత్రాలు చేయడం పాతకాలపు పని, షెడ్డు అద్దెకిచ్చేసి, ఇంకెవరో చేసిన యంత్రాలను వెబ్‌సైటులో పెట్టి అమ్ముకో అని. ఆయన బోర్డు కూడా రాయించాడు, చివర డాట్ కామ్ అని ఎర్రటి పెద్ద అక్షరాలతో. గోడకు ఇంకా కొట్టలేదు, ఆనించి పెట్టాడు. రోజూ దాన్ని చూస్తూ టిఫిన్ బాక్సు తెరవాలంటే నాకు ఒళ్ళు మండేది.

అలాంటప్పుడు వచ్చింది ఆ కబురు. మా వేరుశనగ డ్రమ్ములను పశ్చిమ ఆఫ్రికాకు పంపే వర్తకుడొకాయన, అక్కడ షియా అనే చెట్టు గింజల్లోంచి, ఒంటికి రాసుకోవడానికీ వంటకూ పనికొచ్చే వెన్న తీసే ఆడవాళ్ళ సంఘం ఒకటుందని చెప్పాడు. గింజలు వేపడానికి వాళ్ళకొక చిన్న డ్రమ్ము కావాలట. కరెంటు అక్కర్లేకుండా కట్టెల మీద నడవాలి, పొగ మొహానికి కొట్టకూడదు. సంఘం పెద్దావిడ ఏదో ఎగ్జిబిషన్‌కు సింగపూర్ వస్తోంది. అప్పటికి ఒక డ్రమ్ము చేసి చూపిస్తే, ఆవిడ సరేనంటే, ఊరూరికీ చేసి పంపాల్సి ఉంటుంది.

అంకుల్ బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. "షి సే ఓకే, వి మేక్. షి సే నాట్ ఓకే, ఫినిష్ లా," అన్నాడు. అంటే ఆవిడ కాదంటే బోర్డుకు మేకులు పడతాయి, షెడ్డుకు తాళం పడుతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆయన దిగులుపడాల్సింది పోయి హుషారయ్యారు. పాయా లేబర్‌లో శనివారాలు జావా నేర్పే క్లాసు ఒకటి మొదలవబోతోందట, ఎందుకైనా మంచిదని నా పేరు రాయించేస్తారట. నాకు తెలిసిన జావ రాగులతో కాసేది ఒక్కటేనన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. షెడ్డు నిలబడితే నేను ఇనుముతోనే ఉంటాను, ఆయన మళ్ళీ క్లాసు ఊసెత్తరు. షెడ్డు మూతపడితే నేను నోరు మూసుకుని క్లాసుకు వెళతాను. చేతిలో చెయ్యి వేసుకుని మరీ ఒప్పుకున్నాం. వేయగానే నాకు భయం మొదలైంది, దాంతోపాటే ఎందుకో నవ్వూ వచ్చింది. ఆ డ్రమ్ము పూర్తయ్యేదాకా ఆ రెండూ నన్ను వదలలేదు.

గింజలు గోనెసంచుల్లో వచ్చాయి. మూతి విప్పగానే తమ్ముడు ఒకటి తీసి కొరికి, "ఇది మన ఇప్పపిక్కకి సొంత సెల్లెలక్కా," అన్నాడు. వర్తకుడు చెప్పినదాన్నిబట్టి వెన్న తీసే పద్ధతి ఇదీ. గింజల్ని కచ్చాపచ్చాగా దంచాలి. ఆ నూకను కాఫీ రంగు వచ్చేదాకా వేపాలి. మెత్తగా రుబ్బాలి. ఆ ముద్దలో నీళ్ళు పోస్తూ చేత్తో చిలికితే వెన్న తెల్లగా పైకి తేలుతుంది. వేపు తక్కువైతే వెన్న దిగదు, ఎక్కువైతే మాడు కంపు కొడుతుంది. ఇప్పటిదాకా వాళ్ళు పెద్ద మూకుళ్ళలో, పొగకు కళ్ళు నలుపుకుంటూ, తెడ్లతో కలియబెట్టి వేపుతున్నారు. దానికి బదులు అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము, కింద పొయ్యి, ఒక చివర తిప్పే పిడి, రెండో చివర పొగగొట్టం. కాగితం మీద ఆ పూటే గీసేశాను.

పైగా నేను తెలివైనదాన్ని కదా. దేన్నైనా ఇసకలో వేపితే సమానంగా వేగుతుందని తెలుగునాట పుట్టినవాళ్ళెవరికి తెలియదు? మరమరాల బట్టీలో కాలిన ఇసకే కదా బియ్యాన్ని పువ్వుల్లా విచ్చేలా చేసేది. శనగలైనా అంతే, వేరుశనగలైనా అంతే. జల్లెడ పడితే ఇసక కిందికి, గింజ మీదికి. ఈ విద్య తెలియక పాపం ఆ ఆడవాళ్ళు ఎంత అవస్థ పడుతున్నారో అని నాకు జాలి కూడా కలిగింది. తమ్ముడికి చెబితే ఎగిరి గంతేసినంత పని చేశాడు. వాళ్ళ అమ్మమ్మది బట్టీయేనట. ఇద్దరం కలిసి సన్న ఇసక తెప్పించి, కడిగి, ఎండబెట్టి, జల్లించి, పసిబిడ్డకు స్నానం చేయించినంత శ్రద్ధగా డ్రమ్ములో పోశాం.

బియ్యంలో నూనె ఉండదు. వేరుశనగకు పొట్టు ఉంటుంది. దంచిన షియా నూకకు పొట్టూ లేదు, పైగా ఒళ్ళంతా నూనె. తెలుగునాట పుట్టిన మా ఇద్దరికీ ఈ సంగతి తట్టలేదు. వేడి తగలగానే నూనె ఊరింది, ఇసక దాన్ని కరుచుకుంది. కాసేపటికి డ్రమ్ములో గలగల ఆగిపోయి ధబ్బు ధబ్బుమని చప్పుడు మొదలైంది. తలుపు తీస్తే లోపల నల్లటి ముద్ద ఒకటి పొగలు కక్కుతూ కూర్చుని ఉంది. అంకుల్ దాన్ని గరిటెతో పొడిచి చూసి, రోడ్లు వేసేవాళ్ళకు బాగా పనికొస్తుందని గంభీరంగా అన్నాడు. "ఏటి సేద్దామక్కా ఇప్పుడు?" అన్నాడు తమ్ముడు. ముందు నవ్వుదాం అన్నాను. ఒకసారి మొదలెట్టాక ముగ్గురం ఆపుకోలేకపోయాం. మర్నాడు ఆ ముద్దను ఉలితో చెక్కి తీయాల్సి వచ్చింది.

ఇసక పోయాక అసలు పని మొదలైంది. నూక డ్రమ్ము అడుగునే జారుతూ అక్కడే మాడేది. దాన్ని పైకెత్తి కిందికి రాల్చడానికి లోపలి గోడకు ఇనప రెక్కలు అతికించాం. రెక్కలు ఎత్తుగా పెడితే నూక వాటి మీద తీరిగ్గా కూర్చునేది, పొట్టిగా పెడితే మళ్ళీ జారేది. అది కుదిరాక ఆవిరి పట్టుకుంది. బయటికి పోయే దారి లేక లోపల నూక వేగడం మాని ఉడికేది. డ్రమ్ము చివర మూసే పలకకు బెజ్జాలు వేస్తే బెజ్జాల్లోంచి నూక రాలింది. పిడి వేడెక్కి చెయ్యి కాలింది. దానికి మాత్రం ఇంటి నుంచి అప్పడాల కర్ర పట్టుకొచ్చి, సగానికి కోసి, ఒక సగాన్ని ఇనప పిడికి తొడిగాను. రెండో సగం సొరుగులో పడేశాను.

బెజ్జాల సంగతి ఒకరోజు సింకు దగ్గర టీ గిన్నె కడుగుతుంటే తట్టింది. నూక ఎంత రాలినా అడుగునే పేరుకుంటుంది, ఇరుసు ఎత్తు దాకా నిండదు. బెజ్జాలు పలక అంచున కాకుండా నడిమధ్యన, ఇరుసు చుట్టూ వేస్తే ఆవిరి పోతుంది, నూక ఆగుతుంది. వేసి చూశాం. పోయింది, ఆగింది. ఆ రోజు ట్రైనులో జురాంగ్ ఈస్ట్ నుంచి పాసిర్ రిస్ దాకా నాలో నేను నవ్వుకుంటూ వెళ్ళాను. నా పక్కన కూర్చున్న ముసలావిడ దారిలో లేచి వేరే సీటుకు మారిపోయింది.

సరే, నూక వేగింది. అందులోంచి వెన్న వస్తుందో లేదో తేలాలంటే రుబ్బి చిలకాలి. షెడ్డులో రుబ్బేది లేదు. మా ఇంట్లో వెట్ గ్రైండర్ ఉంది. ఒక ఆదివారం మా ఆయన బ్యాంకుకు వెళ్ళగానే నూకను అందులో వేశాను. ముద్ద నున్నగా, నల్లగా దిగింది. బేసిన్‌లోకి తీసుకుని, వంటింటి నేల మీద మఠం వేసుకు కూర్చుని, చేత్తో చిలకడం మొదలుపెట్టాను. భుజం నొప్పి వచ్చింది గానీ వెన్న రాలేదు. గోధుమరంగు నురగ, అంతే. అప్పుడు మా అమ్మ ఎండాకాలంలో మజ్జిగ చిలికేటప్పుడు చన్నీళ్ళు పోయడం గుర్తొచ్చింది. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఎండాకాలమే కదా. మా ఫ్రిజ్‌లో ఐసు పెట్టే చోటు ఇంకేదో ఆక్రమించుకుంది. ఆ చేతులతోనే కిందికి పరిగెత్తి, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో డ్రింకులమ్మే ఆంటీని ఐసు అడిగాను. మోచేతుల దాకా గోధుమరంగు పులుముకున్న నన్ను చూసి ఆవిడ ఒక్క ప్రశ్నా వేయకుండా ప్లాస్టిక్ సంచి నిండా పోసి ఇచ్చింది.

ఐసు పడగానే బేసిన్‌లో రంగు మారింది. గోధుమరంగు బూడిదరంగయింది, బూడిదరంగు తెల్లబడింది, వేళ్ళ మధ్య ఏదో బరువుగా, మెత్తగా కూడుకోవడం మొదలైంది. వెన్న. నిజంగా వెన్నే. వంటింట్లో నేనొక్కదాన్నే గెంతాను. మా ఆయన వచ్చేసరికి మొహానికీ మోచేతులకూ మడమలకూ రాసుకుని, దీపంలా వెలిగిపోతూ తలుపు తీశాను. ఆయన బూట్లు విప్పుతూ, నా వంక చూడకుండానే బాగుంది అన్నారు. తరవాత చాలా వారాలు మా ఇడ్లీలు షియా వాసన కొట్టాయి. అది మాత్రం గమనించారు.

ఆ వెన్నను కాచి, వడగట్టి, స్టీలు డబ్బాలో పోసుకుని, తరవాత ఒక తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళాను, ఆడవాళ్ళ చేతులకు రాసి నా గొప్ప చూపించుకుందామని. నేను చెప్పులు విప్పి లోపలికొచ్చేలోపు డబ్బా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి హోమియో డాక్టరుగారు ఆవకాయ అన్నంలో దాన్ని కలుపుకుని, నెయ్యి ఏ ఊరిదమ్మా, కాస్త కొత్తగా ఉంది అన్నారు. ఆఫ్రికాది అన్నాను. తింటారు కూడానండీ, ఏం కాదు అని ధైర్యం చెప్పాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నారు. అక్కడున్నవాళ్ళలో నా పనిని మెచ్చుకున్నది ఆయనొక్కరే.

మా ఆయన్ని అనుకుని ఏం లాభం. బ్యాంకులో తేదీల గండం దగ్గరపడుతోంది. ఎప్పుడు వెళ్ళేవారో ఎప్పుడు వచ్చేవారో. ఇంట్లో ఉన్నా మనిషి ఉన్నట్టు ఉండేది కాదు. మాట్లాడుకోవడమంటే పాలు అయిపోయాయి, తాళం ఎక్కడ, అంతే. అయినా డ్రమ్ము కోసం ఆయనొక పెట్టె తయారుచేశారు. దాని తీగ లోపలికి పెడితే, సరైన వేడికి రాగానే కూత కూస్తుంది. అందులోనూ చిన్న ప్రోగ్రాము ఉంది గనక ఆయనకు ముచ్చటగా ఉండేది. ప్రేమతోనే చేశారు, కాదనను. అది కట్టె సర్దినా కూసేది, తలుపు తీసినా కూసేది, ఒకసారి అంకుల్ దగ్గితే కూడా కూసింది. నేను దాన్ని అలాగే ఉండనిచ్చాను.

సంఘం పెద్దావిడ శనివారం మధ్యాహ్నం వచ్చింది. మర్నాడే ఆవిడ తిరుగు ప్రయాణం. ఆ సాయంత్రమే పాయా లేబర్‌లో జావా మొదటి క్లాసు. మా ఆయన బ్యాంకు నుంచి సరాసరి షెడ్డుకే వచ్చి నన్ను తీసుకెళతానన్నారు. షెడ్డు నిలబడితే క్లాసు లేదు కదా అంటే, నిలబడితే చూద్దాంలే అన్నారు. అంటే అటో ఇటో ఆ పూటే తేలిపోతుంది.

ఆవిడ యాభై దాటిన మనిషి, పొడగరి. పసుపూ నీలం పువ్వుల బట్ట, తలకు కూడా అదే బట్ట చుట్టుకుంది. ఇంగ్లీషు నింపాదిగా మాట్లాడేది. వస్తూనే నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి, కాలిన మచ్చలు చూసి మంచిది అంది. నేను ఆంటీ అన్నాను, ఆవిడకు ఆ పిలుపు నచ్చింది.

పొయ్యి రాజేశాం, నూక పోశాం. పొగ బుద్ధిగా గొట్టంలోంచి పైకి పోయింది. బేరింగులు వేశాను గనక ఒంటిచేత్తో, దాదాపు చిటికెన వేలితో తిప్పొచ్చు. తిప్పి చూపించాను. మూకుడు దగ్గర ఇద్దరు చేసే పనిని ఇక ఒక్కరే చేసుకోవచ్చనీ, రెండో మనిషి వేరే పని చూసుకోవచ్చనీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. పెట్టె కూసింది, వాయి దించాం. ఆవిడ పిడికెడు తీసి నలిపి, వాసన చూసి, కాస్త నాలుక మీద వేసుకుంది. నూనెతో మెరుస్తున్న వేళ్ళను అంకుల్‌కు చూపించి తలాడించింది. నా వెనక తమ్ముడు ఊపిరి వదలడం వినిపించింది.

"డ్రమ్ము చాలా బాగుంది," అంది ఆవిడ. "మాకు వద్దు."

అంకుల్ బోర్డు వైపు చూశాడు. నా కాళ్ళ కింద సిమెంటు నేల కదిలినట్టయింది. ఎందుకని అడిగితే ఆవిడ పిడి వైపు వేలు చూపించింది.

"మరి వేపేటప్పుడు నేను ఎవరితో మాట్లాడాలి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే కూర్చుని విడమర్చి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో వేపు ఎప్పుడూ ఇద్దరి పని. మూకుడికి ఇటొకరు, అటొకరు. ఇంట్లో చెప్పుకోలేనివన్నీ అక్కడే చెప్పుకుంటారు. అత్తాకోడళ్ళకు మాట పెగలాలన్నా, తగువు పడ్డ ఇద్దరు కలవాలన్నా ఒకే మూకుడి దగ్గర కూర్చోబెడతారు. మేం పొగ వద్దన్నాం గానీ ఎదుటి మనిషిని వద్దనలేదు కదా అంది. ఒక్కదాన్నే కూర్చోబెట్టి తిప్పిస్తే అది పనిలా ఉండదు, శిక్షలా ఉంటుందంది. ఈ డ్రమ్మును తీసుకెళితే నాలుగు రోజులు తిప్పి, మూల పడేసి, మళ్ళీ మూకుళ్ళ దగ్గరికే పోతారట.

నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. మా పుట్టింట్లో తిరగలి ఉండేది. కందులు విసిరేటప్పుడు మా మేనత్త అటు, నేను ఇటు, ఒకే పిడి మీద ఇద్దరి చేతులు. మా మేనత్త తన మనసులో మాటలన్నీ నాకు చెప్పింది ఆ తిరగలి దగ్గరే. ఇంజినీరింగ్ చదువుతానని నేను మొట్టమొదట నోరు తెరిచి చెప్పిందీ అక్కడే. నాన్నకు ఆ మాట చేరవేసింది ఆవిడే. బట్టీలో ఇసకను అంత బాగా గుర్తుపెట్టుకున్న నేను తిరగలిని శుభ్రంగా మరిచిపోయాను.

రెండో పిడి పెడితే సరిపోతుందా అని అడిగాను. పెట్టు, చూద్దాం అంది ఆవిడ.

తమ్ముడు అప్పటికే వెల్డింగ్ అద్దం నెత్తిన పెట్టుకున్నాడు. "ఇరుసు ఆ పక్కకీ బయటకే ఉన్నాదక్కా, పిడెట్టడానికి ఎంతసేపు," అన్నాడు. పిడి తేలికే. కానీ రెండో మనిషి కూర్చోవాల్సిన చోట సరిగ్గా పొగగొట్టం నిలబడి ఉంది. అక్కడ కూర్చుంటే ఎదుటి మనిషి మొహానికి బదులు గొట్టం కనిపిస్తుంది. నిప్పు లాగేసి, డ్రమ్ము చల్లారాక, గొట్టాన్ని కోసి వెనక పక్కకు మళ్ళించాం. రెండు పిడులూ ఒకే దిక్కుకు పెట్టబోతుంటే నేను ఆపాను. ఒకటి పైన ఉన్నప్పుడు రెండోది కింద ఉండాలి. ఒకరు నెడుతుంటే ఇంకొకరు లాగుతారు, ఎవరి చెయ్యీ నొప్పెట్టదు. సొరుగులోంచి అప్పడాల కర్ర రెండో సగం తీసి దానికి తొడిగాను. తీరా చూస్తే కూర్చోవడానికి షెడ్డులో రెండో పీట లేదు. అంకుల్ అటూ ఇటూ వెతికి, గోడకు ఆనించిన బోర్డును తెచ్చి, పెయింటు డబ్బాల మీద అడ్డంగా పడుకోబెట్టాడు.

మొదటి వాయి ఆవిడా నేనూ తిప్పాం. ఆవిడ తన భాషలో చెప్పుకుపోయింది. మధ్యలో నవ్వింది, ఒకచోట గొంతు తగ్గించింది. నేను ఊఁ కొట్టాను. కాసేపటికి నేనూ తెలుగులో మొదలుపెట్టాను. క్లాసు సంగతి, ఇడ్లీల సంగతి, మా ఇంట్లో మాటలు కరువైన సంగతి. ఆవిడ కూడా ఊఁ కొట్టింది, సరిగ్గా కొట్టాల్సిన చోటే.

అప్పుడొచ్చారు మా ఆయన. మెడలో టై, చేతిలో బ్యాగు, మొహం నిండా తొందర. ఇంకా అవలేదా అన్నారు. ఈయనెవరని ఆవిడ నన్నడిగింది, చెప్పాను. ఆవిడ లేచి, ఆయన చేతిలో బ్యాగు తీసి తమ్ముడికిచ్చి, ఆయన్ని భుజం పట్టుకుని బోర్డు మీద కూర్చోబెట్టింది. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా అంత తొందరగా విని ఉండరు. డాట్ కామ్ అన్న ఎర్ర అక్షరాలు సగం ఆయన కింద, సగం బయట. తమ్ముడు కొత్త నూక పోశాడు.

మొదట ఆయన మరీ వేగంగా తిప్పారు, నా చెయ్యి లాక్కుపోయింది. నెమ్మది అన్నాను. తరవాత చెయ్యి కుదిరింది. నేను నెడితే ఆయన లాగుతున్నారు, ఆయన నెడితే నేను లాగుతున్నాను. ఎదురుగా డ్రమ్మంత దూరంలో ఆయన మొహం, చెమట పట్టి, నిప్పు సెగకు ఎర్రబడి. ఆ మొహాన్ని అంత తిన్నగా చూసి ఎన్నాళ్ళైందో.

"నాకు భయంగా ఉంది," అన్నారు ఉన్నట్టుండి, డ్రమ్ము వైపే చూస్తూ.

నేను తిప్పుతూనే ఉన్నాను. ఆయనే చెప్పారు. తేదీలన్నీ సరిచేశాక ఈ పని ఉండదట. గండం గడిచాక అంతమందితో వాళ్ళకేం అవసరం? బ్యాంకులో అందరికీ ఇదే భయం, ఎవరూ పైకి అనరు. నేను కూడా ఇంకో పని నేర్చుకుని ఉంటే ఇద్దరిలో ఒకరికైనా ఉద్యోగం నిలుస్తుందని ఆయన ఆశట. నన్ను ఇనుములోంచి లాగేయాలని కాదట. ఇన్నాళ్ళూ మా సోఫాలో కూర్చుని ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు ఈ మనిషి. నాకు కోపం రావాలి. రాలేదు. ప్రేమ వచ్చింది, ఉబ్బితబ్బిబ్బయ్యేంత. పనిపోతే ఇద్దరం కలిసి ఇక్కడే డ్రమ్ము తిప్పుదాం అన్నాను. బెజ్జాల సంగతి చెప్పాను, ట్రైనులో సీటు మారిన ముసలావిడ సంగతి చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వారు. నూకలోంచి చాక్లెట్ లాంటి వాసన లేవడం మొదలైంది.

సరిగ్గా అప్పుడు ఆయన పెట్టె కూత మొదలెట్టింది. మా ఆయన పిడి వదలకుండా బూటుకాలు చాచి, తీగను కాలితోనే ఊడలాగారు.

"ఇంకా అవలేదుగా. వాసన ఇప్పుడేగా వస్తోంది," అన్నారు.

తలెత్తి చూస్తే సంఘం పెద్దావిడ చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తోంది. డ్రమ్మును చూడటం లేదు. అంకుల్ వైపు తిరిగి, ఇదే కావాలి, అచ్చం ఇలాగే కావాలి, ప్రతి ఊరికీ ఒకటి అంది. అంకుల్ మా ఆయన కింద నలుగుతున్న బోర్డును కాసేపు చూసి, "క్యాన్, క్యాన్," అన్నాడు, చేసిపెడతామని. తమ్ముడు కనిపించలేదు. షెడ్డు వెనక్కి పోయి గెంతుతున్నాడని తరవాత తెలిసింది.

గోడ గడియారం చూశాను. క్లాసు ఈపాటికి మొదలై ఉంటుంది. గెలిచింది నేనే అయినా ఊరుకోలేక, క్లాసు సంగతేమిటి మరి అన్నాను.

"ఈ వాయి దించాక చూద్దాంలే," అన్నారు.

ఆ వాయి దించి ఇంకో వాయి పోశాం. ఇంటికెళ్ళే ట్రైనులో ఇద్దరి ఒంటి మీదా షియా వాసనే. దారిలో పాయా లేబర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వొస్తుందని ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. పాసిర్ రిస్ దగ్గరపడుతుండగా ఆయన అరచేతిలో లేచిన బొబ్బను ఊదుకుంటూ, వచ్చే శనివారం కూడా డ్రమ్ము తిప్పి చూడాల్సి ఉంటుందా అని అడిగారు. పెళ్ళయ్యాక నా పని గురించి ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. ఉంటుంది అన్నాను. నిజానికి అలాంటిదేమీ లేదు.